చువ్వ దిగిన వెన్న

మా కార్‌బ్రే ఊరి వెన్నలో రాయి దొరికిందన్న కబురు జనవరి చివర్లో వచ్చింది, ఈ దేశంలో అది నడివేసవి, ఎండలు మండిపోతున్న రోజులు. ఉత్త కబురైతే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాళ్ళం. పీపాకి పీపాయే బండెక్కి తిరిగొచ్చింది. దాంతోపాటు రేవు పట్నంలో మా సరుకు కొనే ఏజెంటు ప్రింగిల్ రాసిన ఉత్తరం. ఎవరో హోటలు వంటవాడు వెన్న కోస్తుంటే కత్తి ఖణేలుమందట. చూస్తే లోపల గుప్పెడంత ఏటి రాయి. ఇంకొక్కసారి ఇలా జరిగితే కార్‌బ్రే పేరున్న పీపా ఏదీ తన గోదాము గడప తొక్కదని రాశాడు. రాయిని కూడా కాగితంలో చుట్టి పంపాడు మహానుభావుడు, మేం నమ్మమేమో అని.

కొట్టు మాది. బోర్డు మీద మా ఆయన ఆర్చీ గెమ్మెల్ పేరుంటుంది. మేకులు, తీగ, రంపాలు, గుర్రపు నాడాలు ఆయన చూస్తాడు. వెన్న, గుడ్లు, పిండి, టీ పొడి, బట్టలు నావి. అంటే ఊళ్ళో ఆడవాళ్ళందరితో మాటపడేదాన్ని నేనన్నమాట. శనివారం పొద్దున్న పన్నెండు మంది ఆడవాళ్ళు బుట్టల్లో వెన్నముద్దలు తెస్తారు. నేను తూచి తీసుకుని బదులు సరుకిస్తాను. ఎవరి ముద్ద మీద వాళ్ళ చెక్క అచ్చు ఉంటుంది. చర్చి సంఘపెద్ద రాట్రేగారి భార్య యూఫీమియాది ముళ్ళపువ్వు, వడ్రంగి పెళ్ళాం జీన్‌ది హంస, ఇంకొకరిది గోధుమ కంకి. ముద్దలు విడగొట్టకుండా ఉప్పునీళ్ళ పీపాలో వరసగా పేర్చి పెడితే, మా ఆయన మూత బిగించి పట్నం పంపిస్తాడు. అచ్చుంది కదా, రాయి ఎవరి ముద్దలోదో తెలిసిపోదా అని మీరనొచ్చు. ఆ ఎండకి పన్నెండు మంది ముద్దలూ ఒకదాన్లో ఒకటి కరిగి కలిసిపోయాయి. ముళ్ళపువ్వూ లేదు, హంసా లేదు.

అయినా ఎవరూ ఒక్క గంట కూడా ఆలోచించలేదు. పీపా మా గుమ్మంలో దిగిన సాయంత్రానికే ఊరంతా ఒకే పేరు అనుకున్నారు. పేరు కూడా కాదు, ఆవిడ ఇంటిపేరు మాలో ఎవరికీ నోరు తిరగదు. పోలండు ఆవిడ అనేవాళ్ళం. అసలు పేరు రొజాలియా.

మేమంతా ఒకే ఓడలో వచ్చినవాళ్ళం. స్కాట్లండులో ఒకే జిల్లా, ఇక్కడ ఒకే చర్చి. ఇరవై ఆరేళ్ళ క్రితం ఈ ఏటి ఒడ్డున దిగి, గడ్డి కాల్చి, గొర్రెల్ని తోలి, ఊరికి మా పాత ఊరి పేరే పెట్టుకున్నాం. రొజాలియా వాళ్ళు వచ్చి రెండేళ్ళు కాలేదు. మొగుడు రైలు కట్ట పనిలో ఎక్కడో కొండల్లో ఉండేవాడు, రెండు నెలలకోసారి వచ్చిపోయేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, రెండు ఆవులు, ఏటి పక్క నలభై ఎకరాల ప్రభుత్వ భూమి. ఆదివారాలు మా చర్చికి రారు, మోకాళ్ళ మీద కూచుని జపమాల తిప్పుకుంటారు. అంతకంటే అనుమానానికి ఏం కావాలి? ఆవిడ అచ్చు మీద కోడిపెట్ట బొమ్మ ఉండేది. కోడిపెట్టలో కూడా ఏదో పోపుగారి కాథలిక్ మతం గుర్తుందని యూఫీమియా కనిపెట్టింది. నేనూ నవ్వాను లెండి. అప్పుడు నాకూ అది సరదాగానే ఉండేది.

మా తర్వాత వచ్చినవాళ్ళందరి మీదా మాకు అనుమానమే. మాకు ముందున్నవాళ్ళ మీదా అనుమానమే. ఈ ఏటి ఒడ్డున మాకంటే ముందు బతికిన మావోరీలు ఇప్పుడు సముద్రం పక్క పల్లెలో ఉంటారు, చలికాలం ముందు చేపలు తెచ్చి అమ్ముతారు. వాళ్ళ బుట్ట అడుగుదాకా తిరగేసి చూసేదాన్ని. వాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో మేమెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు చువ్వ సంగతి చెప్పాలి. వెన్న కొనేవాళ్ళ దగ్గర ఒక చువ్వ ఉంటుంది. బోలుగా, పొడుగ్గా, ఒక పక్క చీలిక ఉన్న ఇనుప చువ్వ. ముద్ద నడిమికి దించి తిప్పి లాగితే లోపలి వెన్న సన్నగా బయటికొస్తుంది. కుళ్ళుందా, మజ్జిగ మిగిలిపోయిందా, మధ్యలో ఉడకేసిన దుంప గాని రాయి గాని పెట్టారా అన్నీ తెలిసిపోతాయి. పట్నంలో అందరి వెన్నకీ చువ్వ దించుతారు. మా ఊళ్ళో అలా కాదు. మా ఊళ్ళో మనవాళ్ళ వెన్నలో చువ్వ దించడమంటే మొహం మీద దొంగ అనడమే. పెళ్ళయి కొత్తగా కొట్టుకొచ్చిన రోజుల్లో తెలీక జీన్ ముద్దలోకి దించబోయాను. ఆ మనిషి నా చెయ్యి పట్టుకుని ఆపి, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకి పురుడు పోసింది మా అమ్మే ఐసొబెల్, అంది. ఆ రోజు నించి చువ్వ మేకుకి వేలాడుతూనే ఉంది.

రొజాలియా వచ్చాకే దాన్ని మేకు మీంచి దించాను. ఆవిడ ముద్ద పెట్టగానే ఒకటికి మూడు చోట్ల పొడిచేదాన్ని, ఈ చివర, ఆ చివర, నడిమిన. ఒక్క శనివారం తప్పలేదు. మిగతా ఆడవాళ్ళు చూస్తుండగా కావాలని గట్టిగా తిప్పేదాన్ని, వాళ్ళకదో తృప్తి. ఆవిడ ఏమీ అనేది కాదు. పొడిచిన చోట కన్నాలు పడితే, తెచ్చుకున్న చెక్క గరిటెతో నీటుగా పూడ్చేసి మళ్ళీ అచ్చు వేసేది. ఆవిడకి మా పద్ధతి తెలీదు. అందరి వెన్నకీ ఇలాగే చేస్తారేమో అనుకుంది. ఎప్పుడూ మిగతావాళ్ళ వెన్న తూచడం అయిపోయాక చివరికి వచ్చేది, లేదా మేమే చివరికి నెట్టేవాళ్ళం.

ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పేస్తాను. మా ఇంట్లో తినడానికి వారం వారం కాస్త కోసి నేను దాచుకునేది ఆవిడ వెన్నే. ఎందుకంటే లోపలేముందో నాకు తెలిసిన వెన్న అదొక్కటే. పచ్చగా, బిగువుగా, ఒక్క మజ్జిగ చుక్క లేకుండా కడిగి ఉండేది. మా ఆయన రొట్టె మీద దట్టంగా పూసుకుని, యూఫీమియా చెయ్యి మంచిది అనేవాడు. నేను ఊఁ అనేదాన్ని.

అందుకే ఆ పీపా చూసిన నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. పన్నెండు మందిలో ఆ రాయి పెట్టే వీలు లేనిది ఒక్క రొజాలియాకే. పెట్టి ఉంటే నా చువ్వ ఊరుకునేది కాదు. ఇంత చిన్న లెక్క ఇంకెవరికీ తట్టలేదంటే ఆశ్చర్యం లేదు, చువ్వ పట్టుకునేది నేను కదా. మా ఆయనకి చెబుదామని వెనక షెడ్డులోకి వెళ్ళాను. ఆయన అప్పుడే యూఫీమియా మొగుడితో మాట్లాడి వస్తున్నాడు. పోలండు ఆవిడ వెన్న ఇక కొనొద్దట, సంగతి తేలేదాకా. సంఘంలో అందరి మాటా అదేనట.

"ఆవిడ కాదేమోనండీ," అన్నాను.

"మరెవరు?" అన్నాడాయన. "పేరు చెప్పు. జీన్‌నంటావా, యూఫీమియానంటావా? చెప్పు, రేపు ఆదివారం చర్చి మెట్ల మీద నువ్వే చెబుదువుగాని."

నేను నోరు మూసుకున్నాను. పదకొండు మంది ఆడవాళ్ళకీ కోపమొస్తే మా కొట్టు ఏమవుతుందో నాకు తెలుసు. పద్దెనిమిది మైళ్ళ అవతల ఇంకో కొట్టుంది. కోపమొస్తే స్కాట్లండు మనిషి పద్దెనిమిది మైళ్ళు నడవగలదు, అది చాలదని దారి పొడుగునా తిట్టుకుంటూ నడవగలదు.

ఇంకో భయం కూడా ఉంది. పీపా మూత బిగించేది మా ఆయన. అమ్మేది బరువు లెక్కన. షెడ్డులో మూత కదలకుండా పైన పెట్టడానికి ఏటి రాళ్ళ కుప్పే ఉంది. మర్నాడు పొద్దున్న టిఫిను బల్ల దగ్గర ఆయన గంజి తాగుతుంటే ఆ చేతుల వంకే చూస్తూ కూచున్నాను. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన చేతులు. ఏమిటలా చూస్తున్నావంటే, ఏం లేదన్నాను. అడగాలనిపించింది, అడగలేదు. అడిగితే ఏ జవాబొచ్చినా ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఇద్దరం కూచోలేం.

రొజాలియాకి వెన్న అమ్ముకోవడం అంటే ఏమిటో కూడా నాకు తెలుసు. తెలీదని తప్పించుకునే వీలు లేదు. ప్రభుత్వం భూమిచ్చేటప్పుడు ఒక షరతు పెట్టింది. రెండేళ్ళలో నాలుగు వైపులా కంచె లేవాలి, స్తంభాలూ తీగా రెండూ ఉండాలి. లేకపోతే భూమి వెనక్కి. ఆవిడ గడువు మార్చి ఆఖరు. స్తంభాలు తనే నరికి పాతుకుంది, నేను చూశాను. ఆ చేతులు చూస్తే మగవాళ్ళు సిగ్గుపడాలి. తీగ మాత్రం మా కొట్టులోంచే రావాలి. ఒక శనివారం వెన్నకి పది గజాల కంచెకి సరిపడా తీగ ఇచ్చేవాళ్ళం. మూడు వైపులా అయిపోయింది. ఏటి వైపు మిగిలింది. ప్రతి శనివారం తీగ చుట్ట భుజాన వేసుకుని, చిన్నపిల్లని చంకనేసుకుని, పెద్దపిల్ల ఖాళీ బుట్ట పట్టుకుంటే నడిచి వెళ్ళేది. ఏటికి అవతలి గట్టు రాట్రేలది. ఆ నలభై ఎకరాలూ తమ మేత భూమికి అతుక్కుని ఉంటే ఎంత బాగుండేదో యూఫీమియా నాతోనే నాలుగుసార్లు అంది.

మొదటి శనివారం రొజాలియా వచ్చి ముద్ద బల్ల మీద పెట్టింది. నేను చేత్తో దాన్ని వెనక్కి తోశాను. ఈ వారం వద్దు, పీపా గొడవ తేలాలి అన్నాను. ఏ పీపా అని అడిగింది. చెప్పాను. నాలాంటివాళ్ళ దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషే ఆవిడది, ఒక్కో మాటా పట్టుకుని అర్థం చేసుకుంటూ విన్నది. విని, మిగతా ఆడవాళ్ళ వంక చూసింది. జీన్ బట్టల బేళ్ళ వైపు తిరిగిపోయింది. యూఫీమియా మాత్రం సూటిగా చూసి, ఏటి నీళ్ళలో రాళ్ళేరుకోవడానికి కొందరికి తీరిక బాగా ఉంటుందమ్మా, అంది అందరికీ వినబడేలా. ఇద్దరు నవ్వారు. రొజాలియా ముద్ద బుట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

రెండో శనివారం కూడా వచ్చింది. మూడో శనివారం కూడా. ఏమీ అడగలేదు, బల్ల ముందు నిలబడేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని, వెళ్ళేది. ఆ మూడు వారాల్లో ఊరి వాలకం చూడాలి. ఆవిడ పిల్లలు ఏటి ఒడ్డున ఆడుకుంటుంటే రాళ్ళేరుకుంటున్నారు అన్నారు. చర్చి గోడ మీద ఎవరో సుద్దతో కోడిపెట్ట బొమ్మ గీసి దాని కింద గుడ్డు బదులు రాయి గీశారు. నేను అది చెరిపేశాను, ఎవరూ చూడని వేళ. ఆ మాత్రం ధైర్యమే ఉండేది నాకు. ఇంట్లో యూఫీమియా వెన్న వాడుతున్నాం. మా ఆయన రొట్టె నములుతూ, ఈమధ్య ఈ వెన్నేమిటి బీట్‌రూటు మేసిన ఆవు వాసనొస్తోంది అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీరిన్నాళ్ళూ తిన్నది ఎవరి వెన్నో తెలుసా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నాలుగో వారం బుధవారం నాడు ప్రింగిల్ తనే గుర్రబ్బండిలో దిగాడు. పొట్టిగా, ఎర్రగా, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉండే మనిషి. ఆయనకి మా చర్చి గొడవలు పట్టవు, వెన్న కావాలి. మధ్యాహ్నం బడి గదిలో అందర్నీ పిలిపించాడు. ఆడవాళ్ళంతా అల్లిక సూదులతో వచ్చి పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూచున్నారు. రొజాలియా పిల్లలతో తలుపు పక్కన నిలబడింది, ఆవిడకెవరూ జరిగి చోటివ్వలేదు.

రాట్రే లేచి సంగతంతా ఏకరువు పెట్టాడు. సంఘం విచారించిందట, బయటి మనిషి సరుకు ఆపేసిందట, ఇక కార్‌బ్రే వెన్న నిక్షేపమట. ప్రింగిల్ వింటూ వింటూ నా వైపు తిరిగి, మీ దగ్గర చువ్వ లేదా అని అడిగాడు. ఉందన్నాను. చువ్వుండి రాయెలా వచ్చింది అన్నాడు. మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు, అంటే ఊరుకోమని. అప్పుడు తలుపు దగ్గర్నించి రొజాలియా మాట్లాడింది.

"ఒక్క మాట అడగాలి," అంది. "మిసెస్ గెమ్మెల్ నా వెన్న పొడుస్తారు. ప్రతి వారం మూడు పోట్లు. నేనెప్పుడూ చివర వస్తాను, మిగతావాళ్ళ వెన్న పొడవడం చూడలేదు. వాళ్ళకెన్ని పోట్లు?"

సూదుల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఎత్తిపొడవడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆ గదిలో అందరికీ జవాబు తెలుసు, ఆవిడకి తప్ప. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. నేను లేచి నిలబడ్డాను. మా ఆయన చెయ్యి జారిపోయింది.

"లేవు," అన్నాను. "వాళ్ళ వెన్నలో నేనెప్పుడూ చువ్వ దించలేదు. నీ ఒక్కదాని వెన్నలోనే దించాను. ఏడాదిన్నర నించి ఒక్క వారం తప్పకుండా దించాను. రాయి కాదు కదా, ఉప్పు బెడ్డ కూడా తగల్లేదు."

ప్రింగిల్ చెమట తుడుచుకోవడం ఆపాడు. కాసేపు లెక్క కట్టుకున్నట్టు చూసి, పగలబడి నవ్వాడు. అంటే మీ ఊళ్ళో లోపలేముందో తెలిసిన వెన్న ఒకే ఒక్కటి, మీరు ఆపేసింది ఆ ఒక్కదాన్నే, అంతేనా, అన్నాడు. నవ్వు తగ్గాక, వచ్చే శనివారం నించి పన్నెండు మంది వెన్నలోనూ చువ్వ దిగకపోతే పీపా కొనేది లేదని తేల్చేశాడు.

రొజాలియా నవ్వలేదు. నా వంక చూసింది. మిగతావాళ్ళు ఇంకా ప్రింగిల్ మాటలతో గుంజాటన పడుతున్నారు, ఆవిడ అప్పుడే అవతలి మాట పట్టుకుంది. పీపా వచ్చిన రోజు నించీ నాకు తెలుసన్నమాట, తెలిసి తల అడ్డంగా ఊపానన్నమాట. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక మా ఆడవాళ్ళు నన్ను ఏకిపారేశారు. యూఫీమియా నా దగ్గరికొచ్చి, మెల్లిగానే అంది. "బాగుంది ఐసొబెల్. ఆవిడ కాదని చెప్పావు. అంటే మాలో ఒకరమన్నావు. పదకొండు మందిమి. పీపా మూత కొట్టినాయన్ని కూడా కలిపితే పన్నెండు." మా ఆయన మొహం నెత్తురు చుక్క లేకుండా పోయింది. కోపమో, ఇంకేమిటో నాకు తెలీలేదు.

శనివారం అందరూ వచ్చారు. పద్దెనిమిది మైళ్ళు ఎవరూ నడవలేదు. ఒక్కొక్కళ్ళూ ముద్ద పెట్టి మొహం పక్కకి తిప్పుకుని నిలబడితే నేను పొడిచాను. జీన్ ఏడ్చింది. ఎవరి ముద్దలోనూ ఏమీ లేదు. ఉండదని నాకు తెలుసు, చువ్వ దిగుతుందని చెప్పాక పెట్టేటంత పిచ్చివాళ్ళెవరు? రొజాలియా వెన్న తీసుకున్నాను, తీగ ఇచ్చాను. ఊళ్ళో ఇప్పుడు ఒకరి బుట్ట వంక ఒకరు చూసుకునేవారు. చర్చిలో ఒకే బెంచీ మీద కూచునే జీనూ యూఫీమియా మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది.

ఆవిడకి పోయిన మూడు శనివారాలు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. మూడు శనివారాలంటే ముప్ఫై గజాలు. ఓ చుట్ట తీగ ఊరికే ఇద్దామండీ అని మా ఆయన్ని అడిగాను. ఇస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టే అన్నాడు. ఆ తప్పు మనదే కదా అనాలి నేను. అనలేదు. మళ్ళీ అడగలేదు కూడా. ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో చూడండి, ఒక్కసారి బడి గదిలో లేచి నిలబడ్డాననేసి నా అంత సత్యవంతురాలు లేదనుకున్నాను కొన్నాళ్ళు.

మార్చి ఆఖరి గురువారం భూముల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏటి వైపు తీగ చాలక మిగిలిన ముప్ఫై గజాల్లో రొజాలియా ముళ్ళకంప నరికి, స్తంభాల మధ్య అల్లి, నారతో కట్టింది. ఆయన బూటుతో ఒక్క తన్ను తన్నాడు, కంప ఒరిగిపోయింది. కాగితంలో స్తంభాలు, తీగ అని ఉంది, కంప అని లేదు. మంచివాడేనట, బాధపడుతూనే భూమి వెనక్కి అని రాశాడట. పదిహేను రోజులు తిరక్కుండా ఆ నలభై ఎకరాలకీ రాట్రే దరఖాస్తు పెట్టాడు. ఆ రాయి ఎవరు పెట్టారో నాకీనాటికీ తెలీదు. యూఫీమియా అనుకుంటాను ఒక రోజు, మా ఆయన అనుకుంటాను ఇంకో రోజు. భూమి కోసం పెట్టి ఉంటారా, లేక ఎవరో కక్కుర్తితో పెట్టింది రాట్రేలకి కలిసొచ్చిందా? ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కడమే గాని తేలేది లేదు.

రొజాలియా ఆఖరిసారి వచ్చింది ఏప్రిల్లో ఒక శనివారం. మొగుడు వచ్చి బండి కట్టాడు, కొండల్లో రైలు కట్ట వాళ్ళ గుడారాలకి వెళ్ళిపోతున్నారు. ఆవుల్ని పొద్దున్నే ఎవరో కొనుక్కుని తోలుకెళ్ళారు. పొద్దున్న చిలికిన ఆఖరి వెన్న తెచ్చింది, దారికి పిండీ టీ పొడీ కావాలి. కొట్టు నిండా మావాళ్ళే. ఆవిడకి అందరూ జరిగి దారిచ్చారు. ఆవిడ ఊరొదిలి పోతోంది కదా, ఇప్పుడు జరగడానికి ఎవరికీ ఇబ్బంది లేదు.

ముద్ద బల్ల మీద పెట్టింది. నేను చువ్వ తీసి పక్కన పెట్టేశాను. ఆ మాత్రం మర్యాద చేద్దామనుకున్నాను, అందరి ముందూ.

"దీనికి అక్కర్లేదు రొజాలియా," అన్నాను. "నీ వెన్న సంగతి నాకు తెలుసు."

"తెలుసు," అంది. "ఆ మూడు వారాలు కూడా మీకు తెలుసు."

ఆవిడ చువ్వ తీసి నా చేతి పక్కన పెట్టింది.

"పొడవండి, మిసెస్ గెమ్మెల్. అందరూ చూస్తారు. మీ మాట నాకు పనికిరాలేదు."

పొడిచాను. ఈ చివర, ఆ చివర, నడిమిన. చువ్వ ఎత్తి అందరికీ చూపించాను, ఆవిడ చూపించమంది కాబట్టి. ఆవిడ చెక్క గరిటె తీసి కన్నాలు పూడ్చింది. పిండి, టీ పొడి బుట్టలో పెట్టుకుంది. పిల్లల చెయ్యి పట్టుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా బండెక్కింది. పోనీ తిట్టిపోయినా బాగుండేది.

తర్వాత వరస యూఫీమియాది. ముళ్ళపువ్వు అచ్చు పైకి కనబడేలా ముద్ద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. నేను చువ్వ తుడుచుకుని నడిమికి దించాను. ఖణేలుమనాలని, అందులో గుప్పెడంత రాయి తగలాలని, ఆ క్షణంలో నేనెంతలా కోరుకున్నానో ఆ దేవుడికి తెలుసు. చువ్వ అడుగుదాకా మెత్తగా దిగిపోయింది.